బొటనవేలి గుంట

జనవరి 18

ఒరేయ్ బావమరిదీ,

ఈ రాత చూసి కోడేదో సిరాలో కాళ్ళు ముంచి కాగితం మీద తిరిగిందనుకోకు. నేనే. ఎడం చేత్తో రాస్తున్నాను. పక్షవాతం వచ్చినవాళ్ళకి కసరత్తులు చేయించే అమ్మాయి ఒకతి మా ఇంటికి వస్తోంది కదా, ఆవిడ రోజూ ఒక పేజీ రాయమంది. ఎవరికి రాయను తల్లీ అంటే, ఎవరినైనా తిట్టాలనిపిస్తే వాళ్ళకే రాయండి అంది. వెంటనే నువ్వు గుర్తొచ్చావు.

కాళ్ళు దారిలో పడ్డాయి. మాట కూడా తిరిగొచ్చింది. మీ అక్క లెక్కలో అవసరానికి మించే వచ్చింది. కుడి చెయ్యే మొరాయిస్తోంది. గ్లాసు దాకా వెళ్ళి ఆగిపోతుంది. ఫోటో ఫ్రేముల షాపు మీ అక్కే నడుపుతోంది. అద్దం కొయ్యడంలో ఆమె నాకంటే నయం. ఈ మాట నువ్వు ఆమె చెవిన వేశావంటే నీకూ నాకూ చుట్టరికం లేదు.

ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని వెనక వరండాలో ఒక పని పెట్టుకున్నాను. ఇన్నేళ్ళు కొన్న బ్యాట్లతోనే ఆడాం కదా, అసలు లోపల ఏముంటుందో చూద్దామని నా పాత టేబుల్ టెన్నిస్ బ్యాట్ రబ్బరు ఊడబీకి, నడిమికి కోసేశాను. ఐదు పొరలున్నాయి. నడిమి పొర దళసరిగా, తేలిగ్గా ఉంది, నార నిలువు. దానికి రెండువైపులా అడ్డనార పొరలు, మళ్ళీ వాటి మీద నిలువు నార. ఇంత చిన్న చెక్కలో ఇంత యవ్వారం ఉందా అనిపించింది. ఫ్రేములకి వాడే పలచని చెక్కలు మన దగ్గర బోలెడున్నాయి. మీ అక్క పట్టుకుంటే నేను ఎడం చేత్తో చిత్రిక పట్టాను. జిగురు రాసి, క్లాంపులు బిగించి ఆరబెట్టాను. మొదటిది అప్పడంలా వంకర తిరిగింది. రెండోది నయం. నీకొకటి చేసి పంపిస్తాను.

ఏప్రిల్లో క్లబ్బు డబుల్స్ ఉన్నాయి. నాకోసం ఆగకు. వేరే ఎవరినైనా జత చూసుకో. కోపంతో అంటున్నది కాదు, ఉన్నమాట చెబుతున్నాను.

ఇట్లు,
మీ అక్క మొగుడు

ఫిబ్రవరి 1

బావా,

నీ రాత మా ఆఫీసులో సంతకాల కంటే బాగుంది. నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు అర్థం కాక, ఒకసారి ఇష్టంగా.

కానీ ఆ బ్యాట్ కొయ్యడమేమిటి బావా? ఎన్ని కప్పులు తెచ్చింది మనకది! నాతో ఒక్క మాట అనుంటే నా బ్యాట్ పంపేవాణ్ణి కదా కొయ్యడానికి. నువ్వు మళ్ళీ ఆడవని నీకు నువ్వే తీర్పు చెప్పేసుకున్నట్టు అనిపించి ఆ రోజు అన్నం సయించలేదు.

ఇక్కడ నా సంగతి మామూలే. మందుల కంపెనీ గోడౌన్. పొద్దుటి నుంచీ అట్టపెట్టెలు లోపలికి, సాయంత్రం దాకా అట్టపెట్టెలు బయటికి. బదిలీ అయి వచ్చాక నాకు దొరికిన ఒకే సుఖం, టెలిఫోన్ ఆఫీసు కింది అంతస్తులో ఉన్న టేబుల్. కాళ్ళు సమానంగా లేవు, ఒక కాలు కింద అట్టముక్కలు పెడతాం. రోజూ ఆరింటికి వెళ్తాను.

జత సంగతి ఇంకోసారి ఎత్తకు. నువ్వు ఆడితే ఆడతాను, లేకపోతే ప్రేక్షకుల్లో నీ పక్కన కూర్చుని వచ్చినవాళ్ళందరినీ వెక్కిరిస్తాను. ఆ పనిలోనూ మనకి ఎదురులేదు.

నీ జత

ఫిబ్రవరి 14

బావమరిదీ,

పార్శిల్ పంపించాను. విప్పేటప్పుడు కత్తెరతో జాగ్రత్త, నీ తొందర నాకు తెలుసు. రబ్బర్లు నువ్వే అంటించుకో.

ఏడుసార్లు గరుకు కాగితం పట్టానని మీ అక్క అంటోంది. ఆమె లెక్కలు ఆమెవి. నేను చెప్పేది పిడి గురించి. కొన్న బ్యాట్ల పిడి ఎవరికైనా సరిపోయేలా ఉంటుంది, అంటే ఎవరికీ సరిపోదు. నేను మెడ దగ్గర ఒకవైపు బొటనవేలు కూర్చోవడానికి గుంట తీశాను. వెనకవైపు, అంచు వారగా, చూపుడువేలు ఆనుకోవడానికి చిన్న గట్టు వదిలాను. ఆకురాయితో కాస్త తియ్యడం, పట్టుకోవడం, ఊపడం, మళ్ళీ కాస్త తియ్యడం. పట్టుకుని చూడకుండా చెక్కితే అది గరిటె అవుతుంది, బ్యాట్ కాదు.

రెండు చేశాను. ఒకటి నీకు, ఒకటి ఇక్కడ ఉంచుకున్నాను. ఎందుకని అడక్కు. వార్నిష్ ఆరాక రెండూ కాగితంలో చుట్టి పెడితే, మీ అక్క ఒకటి తీసుకెళ్ళి పోస్టులో వేసి వచ్చింది.

నా బ్యాట్ కోసుకుంటే నీకెందుకురా అంత ఏడుపు? నా బ్యాట్, నా రంపం.

ఉంటాను,
వడ్రంగి బావ

మార్చి 2

ప్రియమైన బావగారికి,

పార్శిల్ అందింది. బ్యాట్ అద్భుతంగా ఉంది. చేతిలో పెట్టుకోగానే అతికినట్టు కుదిరింది. ఇక్కడ అందరూ ఎవరు చేశారని ఒకటే అడగడం. పిడి గురించి ఎంత చెప్పినా తక్కువే. మీరు ఇంకేమీ చెయ్యనక్కర్లేదు, ఇక విశ్రాంతి తీసుకోండి.

ఆరోగ్యం ఎలా ఉంది? మాత్రలు వేళకి వేసుకుంటున్నారా? చొక్కా మీరే తొడుక్కుంటున్నారా, అక్క తొడుగుతోందా? గుండీలు సరిగ్గా పడుతున్నాయా? మనం మొదట అద్దెకున్న ఇంట్లో మెట్లెక్కగానే వంటగది ఏ పక్కన వచ్చేదో మీకు గుర్తుందా? ఊరికే అడిగాను.

నరాల డాక్టర్ని ఇంకోసారి చూస్తే మంచిదేమో. జబ్బు ఉందని కాదు. చూపించుకుంటే పోయేదేముంది?

నమస్కారాలతో,
మీ బావమరిది

మార్చి 13

ఏరా,

నేను నీకు బావగారిని ఎప్పుడయ్యాను? పెళ్ళిపీటల మీద కూడా నువ్వు నన్ను 'నువ్వు' అనే అన్నావు.

వంటగది ఎడంపక్కన వచ్చేది. కుడిపక్కన ఇంటి ఓనరు గది, దాని ముందు నీ చెప్పులు రెండుసార్లు పోయాయి. గుండీలు నేనే పెట్టుకుంటున్నాను. చాలా?

ఇప్పుడు నా ప్రశ్నలకి జవాబు చెప్పు. నిన్న నేను ఇక్కడున్న పొట్లం విప్పాను. అందులో ఉన్నది నీ బ్యాట్! అంటే మీ అక్క పోస్టులో వేసింది రెండోది. ఆ రెండోది ఎడంచేతివాటం వాళ్ళ కోసం చెక్కింది. బొటనవేలి గుంటా, చూపుడువేలి గట్టూ అన్నీ అటువి ఇటు. కుడిచేత్తో పట్టుకుంటే చెయ్యి తేలు కుట్టినట్టు తిరిగిపోవాలి. నీకేమో 'అతికినట్టు కుదిరింది'! ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికి నీలాంటివాడే.

అంటే నువ్వు ఆ పొట్లం విప్పనే లేదు. నేను ఒక చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఇంకో చేత్తో పొరలు పొరలు కూర్చి చేసిన దాన్ని ఏ అట్టపెట్టె మీదో పడేసి, నాలుగు తీపి మాటలు రాసి పంపావు.

సరే, అంతవరకూ సర్దుకునేవాణ్ణి. ఇవాళ క్లబ్బు సెక్రటరీ షాపుకొచ్చాడు. మన జత పేరు తీసెయ్యమని నువ్వు అతనికి ఫోన్ చేశావట. నాకు చెప్పొద్దని కూడా అన్నావట. మనిషి మంచివాడు, కడుపులో మాట దాగదు. కొత్త జత దొరికితే నాతోనే చెప్పొచ్చు కదరా. చూసుకోమని మొదటి ఉత్తరంలో చెప్పిందే నేను. దొంగచాటు ఎందుకు? అదొక్కటే నాకు బాధేసింది. చాలా బాధేసింది.

ఇక రాయలేను, వేళ్ళు లాగుతున్నాయి.

మార్చి 18

బావా,

నీ ఉత్తరం గోడౌన్ గుమ్మంలో నిలబడి చదివాను. లారీ వాడు హారన్ కొడుతున్నాడు, నేను కదల్లేదు.

పొట్లం విప్పలేదంటావా? వచ్చిన నిమిషంలో విప్పాను. పట్టుకున్నాను. కుదరలేదు. తిప్పి పట్టుకున్నాను, మళ్ళించి పట్టుకున్నాను, ఎలా పట్టుకున్నా బొటనవేలు వెళ్ళాల్సిన చోట గట్టు తగులుతోంది. నా చెయ్యే తప్పేమోనని మా వాచ్‌మన్ చేతికిచ్చాను. అతను అటూ ఇటూ చూసి, "ఇది ఆడుకోవడానికా, ఎవర్నైనా కొట్టడానికా సార్?" అన్నాడు.

అప్పుడు నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎందుకో విను. నిన్ను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోజు నరాల డాక్టరు నన్ను పక్కకి పిలిచాడు. "మాట వచ్చింది, నడక వచ్చింది, బాగానే ఉంది. కానీ కొందరికి కొన్నాళ్ళకి కుడి ఎడమలు తారుమారవుతాయి. చొక్కా తిరగేసి తొడుక్కుంటారు, తెలిసిన ఇంట్లో దారి తప్పుతారు. అలాంటిది ఏది కనిపించినా తీసుకురండి" అన్నాడు. అక్క అప్పటికే సగమైపోయి ఉంది, ఆమెతో చెప్పలేకపోయాను. నీతో అసలే చెప్పలేను. ఆ మాట నాలోనే పెట్టుకుని ఈ ఊరొచ్చాను.

ఇక ఆ బ్యాట్ చూశాక ఏమనుకోను? ముప్ఫై ఏళ్ళు ఫ్రేము మూలలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపినవాడు గుంట ఒకవైపు తియ్యాల్సింది ఇంకోవైపు తీశాడంటే, ఏమనుకోను చెప్పు? అట్టపెట్టెల మీద కూర్చుని ఏడ్చాను. వాచ్‌మన్ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

తప్పుందని రాస్తే నువ్వు బెంబేలెత్తుతావని బాగుందని రాశాను. ఉత్త మాటగా ఉండకూడదని దాంతోనే వారం రోజులు ఆడాను కూడా. ఈ ఊళ్ళో ఎనిమిదో తరగతి పిల్ల చేతిలో కూడా ఓడిపోయాను. బొటనవేలు బొబ్బ కట్టింది. పేరు తీయించింది కూడా అందుకే. అంతమంది ముందు టేబుల్ దగ్గరికొచ్చి నువ్వు ఏ పక్క నిలబడాలో తెలియక తికమకపడితే నేను చూడలేను బావా. కొత్త జతా లేదు, పాడూ లేదు.

కానీ నువ్వు ఎడంచేతివాటం వాళ్ళ కోసం అని తెలిసే చేశానంటున్నావు. ఎవరి కోసం? మన క్లబ్బులో ఎడంచేతి వాడు ఒక్కడూ లేడే. నాకు ఇంకా సగం భయంగానే ఉంది. వెంటనే రాయి. ఒక్క ముక్కే అయినా రాయి.

నీ బావమరిది

మార్చి 22

ఓరి పిచ్చి సన్నాసీ,

నా కోసం! నా కోసంరా! నీ తెలివి తెల్లారినట్టే ఉంది.

కుడి చెయ్యి ఇక ఇంతేనని కసరత్తులమ్మాయి దాచకుండా, నెమ్మదిగా, నా మొహం చూసే చెప్పింది. చెంచా పట్టుకుంటుంది, తలుపు తోస్తుంది, బ్యాట్ పట్టదు. ఆ రోజు మధ్యాహ్నం పాత బ్యాట్‌కి రంపం పెట్టాను. నువ్వనుకున్నట్టు అది తీర్పే. కాకపోతే ఆ బ్యాట్‌కి మాత్రమే, నాకు కాదు.

వెనక వరండాలో సగం టేబుల్ గోడకి ఆనించి పెట్టాను. మొదట చేసిన ఆ వంకర బ్యాట్ పట్టుకుని ఎడం చేత్తో గోడతో ఆడుతున్నాను. మొదట్లో బంతులన్నీ పక్కింటి వాళ్ళ నీళ్ళ డ్రమ్ములోకే. తర్వాత మీ అక్క ఎదురుగా నిలబడి బంతులెయ్యడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆమె సర్వీసు నాకు తీసుకోవడం రావట్లేదు. దానికితోడు నాకు సలహాలు. షాపు పోయింది, సర్వీసూ పోయింది, ఇంట్లో నాకు మిగిలింది అలమార మీద దుమ్ము దులిపే పనే. నీకు చెప్పకుండా ఏప్రిల్లో క్లబ్బులో దిగి నీ మొహం చూడాలని ఇద్దరం అనుకున్నాం. మొదటి ఉత్తరంలో వేరే జత చూసుకోమని నిజంగానే రాశాను. నెల తిరిగేసరికి మనసు మారింది.

డాక్టరు చెప్పిన మాట ఒక్కడివే మోశావా ఇన్నాళ్ళూ? వెధవా. నాకు చెప్పాల్సింది. ఎందుకంటే అదే మాట నాకూ చెప్పాడు, నేను మీ ఇద్దరికీ చెప్పలేదు! రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి ఇది కుడి, ఇది ఎడమ అని నాలో నేను అనుకుని చొక్కా తొడుక్కునేవాణ్ణి. కసరత్తులమ్మాయి కిందటివారం మళ్ళీ అన్నీ పరీక్షచేసి, ఇక ఆ భయం లేదు అంది. ఆ రోజు మెట్లమీద కూర్చుని ఎంతసేపు ఊపిరి పీల్చుకున్నానో. నీ భయం నీది, నా భయం నాది, మధ్యలో మీ అక్క ఒక్కతే హాయిగా నిద్రపోయింది.

సెక్రటరీ దగ్గరికి వెళ్ళి మన పేరు మళ్ళీ రాయించాను. ఒకరోజు ముందే రా. నా బ్యాట్ నాకు తెచ్చియ్యి, నీది నువ్వు తీసుకో.

నీ ఎడంచేతి బావ

ఏప్రిల్ 20

బావా,

క్షేమంగా చేరాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పక్కనున్నాయన నన్ను చూసి జరిగి కూర్చున్నాడు. నాలో నేనే నవ్వుకుంటున్నాను మరి, జడుసుకోడా?

రెండో రౌండులో పోయామని నాకు రవ్వంత బాధ లేదు. కళ్ళజోళ్ళ షాపు అన్నదమ్ములు బాగా ఆడారు, ఒప్పుకుంటాను. కానీ మొదటి రౌండులో మనం ఎలా ఆడామో నువ్వు ఆడుతూ చూసుండవు. డబుల్స్‌లో ఒకరి తర్వాత ఒకరు కొట్టాలి కదా. ఇద్దరం కుడిచేతి వాళ్ళమే కాబట్టి ఇన్నేళ్ళూ ఒకరి కాళ్ళ మీద ఒకరం పడేవాళ్ళం. మొన్న నువ్వు అటు, నేను ఇటు. ఎవరి గుమ్మంలో వాళ్ళం నిలబడినట్టుంది. నువ్వు కొట్టి తప్పుకోవడం కూడా అవసరం లేకపోయింది. పక్షవాతం రాకముందు ఇది తట్టలేదేమిటని నేనంటే అక్క నెత్తిమీద మొట్టింది.

నాకు అన్నిటికంటే ఏది బాగుందో చెప్పనా? రెండో ఆటలో నేను తేలిక బంతిని నెట్‌కి కొట్టాను. నువ్వు అందరి ముందూ, "కళ్ళు గోడౌన్‌లో పెట్టొచ్చావా?" అని అరిచావు. జనం నవ్వారు. నాకు గుండెల మీంచి బండ దిగింది బావా. ఆసుపత్రిలో నువ్వు నర్సుతో, నాతో, అందరితో మెత్తగా మాట్లాడేవాడివి. ఆ మెత్తదనం చూసే నేను సగం చచ్చాను. నువ్వు నువ్వుగానే ఉన్నావు. నాకు ఇంకేం అక్కర్లేదు.

తిట్టించుకున్న,
నీ జత

ఏప్రిల్ 26

బావమరిదీ,

రెండు పేజీలు రాశావు. కిటికీ పక్క సీటు గురించి ఉంది, మీ అక్క మొట్టికాయ గురించి ఉంది. బ్యాట్ గురించి ఒక్క ముక్క లేదు.

నీ బ్యాట్ ఎలా చెక్కానో నీకు తెలియాలి. నీ కోసం గుంట తీస్తున్నప్పుడు కుడిచేతిలో పెట్టుకుని చూశాను. ఏమీ తెలియలేదు. వేళ్ళు దాని మీద ఉన్నాయి, కానీ చెక్క తగిలినట్టే లేదు. పట్టుకుని చూడకుండా చెక్కితే గరిటె అని నీకు గొప్పగా రాశానే, నీది అలాగే చెక్కాను. కొలతలేసి, కళ్ళతో చూసి, మీ అక్క చేతికిచ్చి. ఆమె చెయ్యి చిన్నది.

ఇక మీదట కుడిచేతి వాళ్ళకి నేను బ్యాట్ చెయ్యగలనా లేదా అన్నది నాకై నాకు తెలిసే దారి లేదు. క్లబ్బులో నలుగురు అడుగుతున్నారు. నువ్వు చెబితేనే తెలియాలి. ఈసారి ముఖప్రీతి మాటలు రాశావంటే నేను వాటిని నమ్ముతాను, నమ్మి నలుగురికీ అలాంటివే చేసిస్తాను. అంత పని చెయ్యకురా.

ఎదురుచూస్తూ,
బావ

మే 1

బావా,

బాగోలేదు.

గుంట లోతు ఎక్కువైంది, బొటనవేలు దిగబడి బయటికి రావట్లేదు. మెడ దళసరి. చూపుడువేలి గట్టు ఇంకా కిందికి దిగాలి. చెక్క తూకం ముందుకే లాగుతోంది, సాయంత్రానికి మణికట్టు సలుపుతోంది. కళ్ళజోళ్ళ వాళ్ళతో పోయిన పాయింట్లలో సగం దీని పుణ్యమే. నీ మొహం చూసి ఆ రోజు నోరు మూసుకున్నాను. నడిమి పొర మాత్రం దివ్యంగా ఉంది, దాన్ని ముట్టుకోకు.

గీతలు పెట్టి తిప్పి పంపిస్తున్నాను. నీలం గీత దాకా నింపు, ఎర్ర గీత దాకా తియ్యి. తీశాక పంపు, పట్టుకుని చూసి చెబుతాను. బాగుంటే బాగుందంటాను.

నీ కుడి చెయ్యి